ప్రొబేషన్‌లో ఉన్నాను, జర్మన్ ఆఫీసు తీరు అంతుపట్టడం లేదు

నెక్కర్_తీరం
స్టుట్‌గార్ట్ దగ్గర యంత్రభాగాలు చేసే ఒక మధ్యతరహా కంపెనీలో డిజైన్ ఇంజినీరుగా చేరాను. ఆరు నెలల ప్రొబేషన్‌లో సగం దాటింది. ఇదే రంగంలో హైదరాబాద్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాను కాబట్టి పనితో ఇబ్బంది లేదు. మనుషులే అర్థం కావడం లేదు.

ఈ వారం మేనేజరు పిలిచాడు. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. కాగితం ముందు పెట్టుకుని కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు. మీటింగుల్లో నేను ప్రశ్నలు అడగడం లేదట. డ్రాయింగులు శుక్రవారానికి ఇస్తానని సోమవారం ఇచ్చానట, ఆలస్యమవుతుందని ముందే చెప్పలేదట. రాత్రి తొమ్మిదింటి దాకా ఆఫీసులో ఉంటున్నానట. ఆ డ్రాయింగుల కోసమే కదా కూర్చున్నది! మన దగ్గరైతే ఇంత కష్టపడుతున్నాడని నలుగురికీ చెప్పేవారు. ఇక్కడ అదీ తప్పే.

నాకంటే బాగా చిన్నవాడొకడు అందరి ముందు "ఈ టాలరెన్సు లెక్క తప్పు" అనేశాడు. మీటింగు ముగిసిన వెంటనే అదే మనిషి ఏమీ జరగనట్టు కాఫీకి పిలిచాడు. వెళ్లాను గానీ కాఫీ గొంతు దిగలేదు.

నన్ను ఉంచుతారా, పంపించేస్తారా? ఇప్పటి నుంచే వేరే చోట వెతుక్కోవడం మంచిదా? మా పిన్ని కొడుకు ఛాన్సెన్‌కార్టె (ఇక్కడికి వచ్చి ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ ఇచ్చే అనుమతి కార్డు) మీద వస్తానంటున్నాడు. వాడికి ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

ఉలవచారు
కాఫీకి పిలిచాడంటే లెక్క నిజంగానే తప్పన్నమాట :)

అనుమానం_వెంకయ్య
ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ని పంపాలంటే వాళ్లకు కారణం చెప్పే పని కూడా లేదు. రెండు వారాల నోటీసు ఇస్తే సరిపోతుంది. కాగితం ముందు పెట్టుకుని మాట్లాడాడంటే రికార్డు తయారు చేస్తున్నాడని అర్థం. నేనైతే ఈ రాత్రే రెజ్యూమే సరిచేసుకుంటాను.

మ్యూనిక్_మామయ్య
వెంకయ్య గారూ, ఉన్న భయం చాలదా ఆ అబ్బాయికి? నోటీసు రెండు వారాలే, కారణం అక్కర్లేదు, అది నిజం. అందుకే మీ రికార్డు వాదన నిలవదు. కారణమే అక్కర్లేనివాడికి రికార్డు ఎందుకు? పంపదలచుకుంటే కాగితం తయారు చేసుకుని, గంట కేటాయించి, ఏమేం మార్చుకోవాలో చెప్పడు. ఉత్తరం ఇచ్చి పంపేస్తాడు. సగం గడువులో ఇలా కూర్చోబెట్టి మాట్లాడటం ఇక్కడ చాలా కంపెనీల్లో మామూలే.

నెక్కర్ తమ్ముడూ, ఆ మూడు మాటలనూ విడివిడిగా చూడకు. ఆయన చెప్పింది ఒకటే సంగతి. నీ దగ్గర పని ఏ స్థితిలో ఉందో ఆయనకు తెలియడం లేదు. శుక్రవారం ఇస్తానన్నావు. ఆయన దాన్ని రాసుకుని, దాని మీద ఇంకో ఇద్దరి పని పెట్టుకున్నాడు. టూలింగ్ వాడికి సోమవారం ఉదయం ఇస్తామని మాట ఇచ్చి ఉంటాడు. నువ్వు బుధవారమే "శుక్రవారానికి కాదు, సోమవారం సాయంత్రానికి అవుతుంది" అని రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేను ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆలస్యానికి ఎవరినీ తీసేయగా చూడలేదు. ఆలస్యాన్ని ఆఖరి నిమిషం దాకా దాచినవాళ్లను తీసేయగా చూశాను.

రాత్రి తొమ్మిది సంగతిలో చట్టం కూడా ఉంది. పని గంటల చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, సర్దుబాటు చేసుకుంటే పది. అంతకు మించకూడదు. పని ముగించాక మళ్లీ మొదలుపెట్టే లోపు పదకొండు గంటల విరామం ఉండాలి. నువ్వు తొమ్మిదికి వెళ్లి మర్నాడు ఏడున్నరకు వస్తే తప్పు నీ కంపెనీది అవుతుంది, జరిమానా వాళ్లకు పడుతుంది. పని గంటలు నమోదు చేసి తీరాలని 2022 సెప్టెంబరులో ఇక్కడి కేంద్ర కార్మిక న్యాయస్థానం తేల్చి చెప్పింది. నువ్వు చేస్తున్నది కష్టపడటమని ఆయన అనుకోవడం లేదు. పని ఎక్కువై నోరు విప్పడం లేదా, లేక పని చేతకావడం లేదా అని తలపట్టుకుంటున్నాడు.

గోంగూర_డైరీస్
మామయ్య గారి మాటే నాదీ. ఒకటి కలుపుతాను. వాళ్లు పనిని తిడతారు, మనిషిని కాదు. మనకు ఆ రెండూ వేర్వేరుగా వినిపించడానికి ఏడాది పడుతుంది.

చింతచిగురు
ప్రతిదాన్నీ సంస్కృతి ఖాతాలో వేయకండి. నేను తూర్పు జర్మనీలో ఉన్నాను, పరీక్షల ప్రయోగశాలలో పని. అందరి ముందు "లెక్క తప్పు" అనడం వేరు, ఒక్కరికే ప్రతిసారీ అనడం వేరు. మా పాత చోట జర్మన్ సహోద్యోగి రిపోర్టులో తప్పుంటే ఆమె బల్ల దగ్గరకు వెళ్లి చెప్పేవారు. నా రిపోర్టులో తప్పుంటే అందరికీ ఈమెయిల్ వెళ్లేది. దానికి కూడా మనవాళ్లు "జర్మన్లు ముక్కుసూటి మనుషులు" అని సర్దిచెప్పారు.

నెక్కర్ గారూ, ఆ కుర్రవాడు మిగతావాళ్ల లెక్కలనూ అలాగే అంటున్నాడా? అంటుంటే ఫరవాలేదు. మీ ఒక్కరివే అంటుంటే తేదీతో సహా రాసి పెట్టుకోండి. వివక్షను అడ్డుకునే సమాన వ్యవహార చట్టం 2006 నుంచి ఉంది. దాని కింద పరిహారం అడగాలంటే సంగతి తెలిసిన రెండు నెలల్లోపే అడగాలి. ప్రొబేషన్‌లో ఉన్నా ఆ చట్టం వర్తిస్తుంది. మీ కంపెనీలో ఉద్యోగుల మండలి ఉంటే ముందు అక్కడికి వెళ్లండి.

నెక్కర్_తీరం
చింతచిగురు గారూ, మీరు అడిగాక ఆలోచించాను. అతను అందరినీ అంటాడు. పోయిన వారం మా మేనేజరు చూపించిన పట్టికలోనే అంకె తప్పని లేచాడు. మేనేజరు కళ్లజోడు పెట్టుకుని చూసి, అవునని సరిచేసి, తర్వాతి పేజీకి వెళ్లాడు. నాకు చెమటలు పట్టాయి, ఆయనకు పట్టలేదు.

ఉలవచారు
అయితే ఆ కుర్రవాడు ప్రొబేషన్‌లో లేడు.

పెద్దపులి_కాదు
లేదు, మా దగ్గర ప్రొబేషన్‌లో ఉన్న అమ్మాయే మా విభాగాధిపతి లెక్క తప్పని అంది. ఇప్పుడు శాశ్వత ఉద్యోగంలో ఉంది. పైగా అదే ఆమె పనికివస్తుందనడానికి గుర్తుగా చూశారు.

బాన్సువాడ_సిస్టర్
ఇక్కడ అందరూ ఇంజినీర్లే ఉన్నట్టున్నారు, నర్సుల సంగతి కూడా వినండి.

హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రి ఐసీయూలో పనిచేశాను. ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఒక ఊళ్లో ఉన్నాను. బీ2 స్థాయి జర్మన్ (ఏ1, ఏ2, బీ1, బీ2 అని పైకి వెళ్లే మెట్లలో నాలుగోది) పాసై వచ్చాం. అయినా మన నర్సింగ్ చదువుకు ఇక్కడ గుర్తింపు వచ్చేదాకా మమ్మల్ని సహాయకులుగానే తీసుకున్నారు, జీతం కూడా ఆ లెక్కే. పరీక్ష రాయడమో, ఇక్కడి పద్ధతులకు అలవాటుపడే శిక్షణ పూర్తి చేయడమో అయ్యాకే పూర్తి నర్సు. రాకముందు ఇది స్పష్టంగా చెప్పని ఏజెంట్లు ఉన్నారు, జాగ్రత్త.

నాతో వచ్చిన వాళ్లలో సగం మంది మొదటి నెల ఏడ్చింది భాష వల్ల కాదు. రోగికి స్నానం చేయించడం, తినిపించడం, డైపరు మార్చడం అన్నీ నర్సే చేయాలి. మన దగ్గర ఆ పని ఆయాలు చేస్తారు, లేదా మంచం పక్కన కూర్చున్న కూతురు చేస్తుంది. ఇక్కడ మంచం పక్కన ఎవరూ ఉండరు. "ఐసీయూ చూసిన నాకు ఈ పనా" అనుకున్నవాళ్లు నిలబడలేకపోయారు. ఇక్కడి నర్సులకు అది తక్కువ పని కాదు. ఒళ్లు తుడుస్తూనే పుండు పడుతోందా, ఊపిరి ఎలా ఉంది, మాట తడబడుతోందా అన్నీ చూసేస్తారు. ఆ చూపు నాకు ఇక్కడే అబ్బింది.

పెద్ద డాక్టరుతో మాట్లాడే తీరు కూడా వేరే. ఒక రాత్రి డ్యూటీలో మందు మోతాదు నాకు ఎక్కువనిపించింది. మన దగ్గరైతే "సార్, ఒకసారి చూస్తారా" అని నసుగుతాం, ఆయన విసుక్కుంటే ఊరుకుంటాం. ఇక్కడ ఫోను చేసి అడిగాను. ఆయన చూసి తగ్గించి, నా పేరు అడిగి, ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు. మర్నాడు దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, పొగడలేదు. అది నా పనేనన్నమాట.

నెక్కర్ అన్నా, "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనడానికి మొహమాటపడకండి. మా దగ్గర అర్థం కాకుండా తల ఊపిన మనిషికి ఒంటరి డ్యూటీ ఇవ్వరు.

రాజమండ్రి_రైలు
సిస్టర్, మా చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాదిలో ఉంది. ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

బాన్సువాడ_సిస్టర్
ఆ ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకండి. మన దేశంలో నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సేవారుసుముకు పరిమితి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. నమోదైనవాడా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడవచ్చు. తెలంగాణ వాళ్లైతే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి, జర్మనీకి నర్సులను భాష నేర్పించి మరీ పంపిస్తున్నారు. అమ్మాయిని ఇప్పుడే జర్మన్ తరగతుల్లో చేర్చండి. డిగ్రీ అయ్యాక మొదలుపెడితే ఏడాది వృథా.

రాజమండ్రి_రైలు
చాలా థాంక్స్. వాడి ఫోను ఇక ఎత్తను.

కొత్తగా_వచ్చా
నెక్కర్ గారి తమ్ముడి ప్రశ్నే నాదీ. ఛాన్సెన్‌కార్టెకు పాయింట్లు ఎలా లెక్కవేస్తారు? నాకు 33 ఏళ్లు, మెకానికల్, ఆరేళ్ల అనుభవం, జర్మన్ ఏ2.

పెద్దపులి_కాదు
ఆరు పాయింట్లు కావాలి. 35 ఏళ్ల లోపు వయసుకు 2, గత ఏడేళ్లలో అయిదేళ్ల అనుభవానికి 3, ఏ2 జర్మన్‌కు 1. మీకు అక్కడికి ఆరు అయిపోయాయి. కొరత ఉన్న వృత్తి అయితే ఇంకొకటి. ఖాతాలో డబ్బు చూపాలి. 2025 లెక్కన నెలకు 1,091 యూరోలు, అంటే ఏడాదికి 13,092.

గోంగూర_డైరీస్
చిన్న సవరణ. ఆయన డిగ్రీ, కాలేజీ రెండూ అనాబిన్ (విదేశీ డిగ్రీల విలువ చూపే జర్మన్ అధికారిక వెబ్‌సైటు) జాబితాలో సరిపోతే పాయింట్ల లెక్కే అవసరం లేదు, నేరుగా అర్హుడే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావాటికి విశ్వవిద్యాలయం పేరుతో చూడాలి, కాలేజీ పేరుతో వెతికి లేదని బెంగపడకండి. జాబితాలో లేకపోతే విదేశీ చదువులను పరిశీలించే జర్మన్ ప్రభుత్వ కార్యాలయం జెడ్‌ఏబీ నుంచి డిగ్రీ పోలిక పత్రం తీసుకోవచ్చు, ఫీజు 208 యూరోలు.

అనుమానం_వెంకయ్య
కార్డు వస్తుంది సరే, ఉద్యోగం ఎవరిస్తారు? కార్ల విడిభాగాలు చేసే జెడ్‌ఎఫ్ 2028 నాటికి 14,000 దాకా ఉద్యోగాలు తగ్గిస్తామంది. ఫోక్స్‌వాగన్ 2030 నాటికి 35,000. కార్ల రంగం మీద ఆశ పెట్టుకుని 13,092 యూరోలు అప్పు తెచ్చి వచ్చే పిల్లలను చూస్తే భయం వేస్తుంది.

మ్యూనిక్_మామయ్య
ఈసారి వెంకయ్య గారితో ఏకీభవిస్తాను. 2024 అక్టోబరులో భారతీయ నిపుణుల వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ ప్రకటించగానే మన యూట్యూబులో పండగ చేసుకున్నారు. వీసాలు ఇచ్చేది ప్రభుత్వం, ఉద్యోగం ఇచ్చేది కంపెనీ. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

ఛాన్సెన్‌కార్టె మీద వస్తే ఏడాది గడువు. ఆ లోపు వారానికి ఇరవై గంటలు ఏ పనైనా చేసుకోవచ్చు, రెండేసి వారాలు కంపెనీల్లో ప్రయోగాత్మకంగా పనిచేయవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇల్లు దొరకడానికి, బ్యాంకు ఖాతాకు, చిరునామా నమోదుకు మొదటి నెలలు కరిగిపోతాయి. ఆ తర్వాత పిజ్జాలు మోసే పనిలో పడి చలికాలం వచ్చేసరికి వెతకడమే మానేసిన పిల్లలు నాకు తెలుసు.

నా సలహా: ఇండియాలో ఉద్యోగం చేస్తూనే అక్కడి నుంచి వెతకండి. ఉద్యోగం ముందే దొరికిన నిపుణులకు ఇచ్చే బ్లూకార్డుకు 2025లో జీతం ఏడాదికి 48,300 యూరోలు ఉండాల్సి వచ్చేది. కొరత వృత్తుల్లో 43,759.80 సరిపోయేది, ఇంజినీర్లు ఆ వరుసలోకే వస్తారు. ఈ లోపు జర్మన్ బీ1 పూర్తి చేయండి. హైదరాబాద్‌లో గోథే సెంటర్ ఉంది. భాష లేకుండా కార్డు పట్టుకుని రావడం కంటే ఇది నయం.

బెర్లిన్_బాబాయ్
నేను ఒప్పుకోను. నాకు "గూటెన్ మోర్గెన్" తప్ప ఒక్క ముక్క రాదు, బెర్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది, ఇంగ్లిష్‌లోనే అన్నీ నడుస్తున్నాయి. మా జట్టులో పదకొండు దేశాలవాళ్లం. జర్మన్లు ఇద్దరే. భాష భాష అని భయపెట్టి మంచి పిల్లలను ఆపేస్తున్నారు.

గోంగూర_డైరీస్
బాబాయ్ గారూ, మీరు ఎప్పుడు వచ్చారు?

బెర్లిన్_బాబాయ్
2021.

గోంగూర_డైరీస్
అదీ సంగతి. అప్పుడు స్టార్టప్‌లు మనుషుల కోసం ఎగబడ్డాయి. ఇప్పుడు అదే ఉద్యోగానికి జర్మన్ వచ్చిన వాళ్లే వరుసలో నిలబడి ఉన్నారు. ఇంకో లెక్క కూడా చూసుకోండి. బ్లూకార్డు మీద శాశ్వత నివాసానికి ఏ1 జర్మన్‌తో 27 నెలలు, బీ1 ఉంటే 21 నెలలే. ఆ ఆరు నెలలైనా మిగుల్చుకోండి.

బెర్లిన్_బాబాయ్
సరే, సోమవారం నుంచి తరగతులకు వెళ్తాను. ఇదే మాట మా ఆవిడ మూడేళ్లుగా చెబుతోంది, ఇక్కడ ఒప్పుకున్నానని ఆమెకు చెప్పకండి.

ఉలవచారు
ఆమె ఈ వేదికలో లేదనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది బాబాయ్?

ఇంటికొచ్చినవాడు
నేను నూరెంబర్గ్‌లో పనిచేసి తిరిగి హైదరాబాద్ వచ్చేశాను. రెండో వైపు కథ చెబుతాను.

అక్కడ నేర్చుకున్న అలవాటుతో గచ్చిబౌలి ఆఫీసులో మొదటి వారమే "ఈ తేదీకి ఇది పూర్తి కాదు, ఇరవై రోజులు అదనంగా కావాలి" అన్నాను. గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. బయటికి వచ్చాక మా పెద్ద మేనేజరు భుజం మీద చేయి వేసి "చూద్దాం అనొచ్చు కదా బాబూ" అన్నాడు. చివరికి ఇరవై అయిదు రోజులు ఆలస్యమైంది. అయినా తప్పు నాదే, ముందే అపశకునం పలికానట.

నెక్కర్ గారూ, మీరు ఇన్నాళ్లూ నేర్చుకున్నది పనికిరానిది కాదు. మన ఆఫీసుల్లో తలవంచుకుని మొండిగా పూర్తి చేసేవాడే నమ్మకస్తుడు, ఎందుకంటే తేదీ పెట్టేవాడికి కూడా అది జరగదని తెలుసు. తేదీ అంటే ఇక్కడ ఎవరూ నిజంగా నమ్మరు. జర్మన్ ఆఫీసులో నమ్ముతారు. అందుకే మీరు మామూలుగా అనేసిన "శుక్రవారం" అక్కడ ఒప్పందమైపోయింది.

నెక్కర్_తీరం
ఇది బాగా తగిలింది. నేను శుక్రవారం అన్నప్పుడు మనసులో "దాదాపు శుక్రవారం" అనే అనుకున్నాను.

చింతచిగురు
ఇంటికొచ్చినవాడు గారి మాటకు చిన్న షరతు. జర్మనీలో అంతా సమానమే, ఎవరినైనా ఏమైనా అనవచ్చని కొత్తవాళ్లు అపార్థం చేసుకుంటారు. పని విషయంలో ముక్కుసూటిగా ఉండవచ్చు. కానీ మీ మేనేజరును దాటి నేరుగా ఆయన పైవారికి ఈమెయిల్ పెడితే అస్సలు సహించరు. మా ప్రయోగశాల అధిపతిని ఇప్పటికీ డాక్టర్ అని, ఇంటిపేరుతో, మీరు అనే పిలుస్తాం. పెద్దవాళ్లు "నువ్వు" అందామని అనేదాకా మనం మొదలుపెట్టకూడదు.

పెద్దపులి_కాదు
పుట్టినరోజు సంగతి ఎవరూ చెప్పలేదే! ఇక్కడ పుట్టినరోజు ఎవరిదో వాళ్లే కేకు తెచ్చి అందరికీ పెట్టాలి. మనకు ఎవరో తెస్తారని కూర్చుంటే సాయంత్రం దాకా ఆకలే. ముందు రోజే శుభాకాంక్షలు చెప్పకండి, దురదృష్టమని నమ్ముతారు. ముహూర్తాలు మనకే ఉన్నాయనుకున్నాను.

ఉలవచారు
నేను కేకు బదులు పూతరేకులు తీసుకెళ్లాను. ఒకాయన పొరను విడదీసి, అది పొట్లం కాగితమనుకుని పక్కన పెట్టి, లోపలి బెల్లం పొడి మాత్రం చెంచాతో తిన్నాడు. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు.

కొత్తగా_వచ్చా
నవ్వు ఆపుకోలేకపోతున్నాను. ఒంట్లో బాగాలేకపోతే అక్కడ ఎలా? మా ఆఫీసులో జ్వరంతో వస్తేనే మెచ్చుకుంటారు.

గోంగూర_డైరీస్
ఇక్కడ జ్వరంతో వస్తే ఇంటికి తరిమేస్తారు, పక్కవాళ్లకు అంటిస్తున్నావని కోప్పడతారు. ఉద్యోగంలో చేరి నాలుగు వారాలు దాటితే ఆరు వారాల దాకా పూర్తి జీతం కంపెనీయే ఇస్తుంది. మూడు రోజులు మించితే డాక్టరు పత్రం కావాలి, కొన్ని కంపెనీలు మొదటి రోజే అడుగుతాయి. ఇప్పుడు ప్రభుత్వ బీమా ఉన్నవాళ్లకు ఆ పత్రం కంప్యూటర్లోనే వెళ్తుంది. ఉదయాన్నే ఫోనో ఈమెయిలో చేసి చెప్పడం మాత్రం మన బాధ్యత. ఏం జబ్బో చెప్పనక్కర్లేదు. మనవాళ్లు విరేచనాల వివరాలతో సహా ఈమెయిల్ పెడతారు, దయచేసి వద్దు.

రాజమండ్రి_రైలు
సెలవులో ఉండగా జబ్బు చేస్తే?

గోంగూర_డైరీస్
డాక్టరు పత్రం ఉంటే ఆ రోజులు సెలవులో లెక్కకు రావు, తిరిగి ఇస్తారు. నమ్మబుద్ధి కాదు గానీ చట్టంలోనే ఉంది. సెలవులు కూడా వారానికి అయిదు రోజులు పనిచేసేవాళ్లకు చట్టప్రకారం కనీసం 20. చాలా కంపెనీలు 28, 30 ఇస్తాయి. వాడుకోకపోతే మేనేజరే వెంటపడతాడు.

జగిత్యాల_ఎడారి
మీ మాటలు చదువుతుంటే వేరే లోకంలా ఉంది. నేను దుబాయ్‌లో నిర్మాణ పనిలో ఉన్నాను. మాకు జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని ఆపాలనే నియమం ఉంది. అది వచ్చినప్పుడే పండగనుకున్నాం. మీకు సెలవు తీసుకోలేదని వెంటపడతారా?

మ్యూనిక్_మామయ్య
తమ్ముడూ, నువ్వు చెప్పింది విన్నాక మా కాఫీ కష్టాలు మాట్లాడుకోవడానికి సిగ్గేస్తోంది. వెల్డింగు, ఎలక్ట్రికల్ లాంటి పనిలో నీకు ఐటీఐ పత్రం ఉందా? ఇక్కడ చేతివృత్తుల వాళ్లకు కొరత చాలా ఉంది. గుర్తింపు పొందిన రెండేళ్ల శిక్షణ ఉంటే డిగ్రీ లేకపోయినా దారులున్నాయి.

జగిత్యాల_ఎడారి
ఐటీఐ ఎలక్ట్రీషియన్, రెండేళ్లది. భాషే భయం. గదిలో పన్నెండు మందిమి, చదువుకోవడానికి చోటుండదు.

బాన్సువాడ_సిస్టర్
అన్నా, మా వాళ్లలో ఒకమ్మాయి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెవిలో ఫోను పెట్టుకుని ఏ1 పూర్తి చేసింది. జర్మన్ ప్రభుత్వ మీడియా సంస్థ డాయిచె వెల్లెలో ఉచిత పాఠాలున్నాయి. అధికారిక సమాచారానికి మేక్ ఇట్ ఇన్ జర్మనీ అనే ప్రభుత్వ వెబ్‌సైటు చూడండి. నాకు సందేశం పెట్టండి, మా బావ కూడా ఎలక్ట్రీషియనే, ఆయన గుర్తింపు కాగితాలు ఇప్పుడే నడుస్తున్నాయి.

నెక్కర్_తీరం
మీరందరూ చెప్పినట్టు నిన్న మేనేజరును పది నిమిషాలు అడిగాను. రెండు పనులు నా దగ్గర ఉన్నాయి, రెండూ వచ్చే వారానికి కావు, ఏది ముందు కావాలో చెప్పమన్నాను. కేలెండర్ తెరిచి ఒకదాన్ని నెల చివరకు జరిపాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. మెచ్చుకుంటాడేమోనని చూశాను, ఏమీ అనలేదు.

పెద్దపులి_కాదు
మీరున్నది ష్వాబియా ప్రాంతంలో. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టేనని అక్కడివాళ్లే సామెత చెప్పుకుంటారు. ఇంతకంటే పెద్ద పొగడ్త ఆశించకండి.

అనుమానం_వెంకయ్య
మంచిదే. అయినా రెజ్యూమే సరిచేసి పెట్టుకోండి. ఆరు నెలలు దాటాక కూడా పదిమంది కంటే ఎక్కువ ఉన్న కంపెనీలోనే తొలగింపు నుంచి చట్టరక్షణ ఉంటుంది. మీ కంపెనీలో ఎంతమంది?

నెక్కర్_తీరం
దాదాపు మూడు వందలు.

అనుమానం_వెంకయ్య
అయితే ఈసారికి నిద్రపొండి.

బాన్సువాడ_సిస్టర్
కొత్తగా వచ్చేవాళ్లకు ఒక మాట, ముఖ్యంగా మా క్రైస్తవ కుటుంబాల వాళ్లకు. చిరునామా నమోదు చేసేటప్పుడు మతం అనే గడిలో కాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే చర్చి పన్ను పడుతుంది. ఆదాయపు పన్ను మీద బవేరియాలో, బాడెన్-వుర్టెంబర్గ్‌లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. రాయాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి. తెలియకుండా రాసి జీతం చీటీ చూసి ఉలిక్కిపడకండి.

కొత్తగా_వచ్చా
ఇలాంటివి ఇంకేమున్నాయి?

గోంగూర_డైరీస్
టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టాలి. ఉత్తరం వస్తుంది, చెత్తలో వేయకండి, మళ్లీ వస్తుంది. ఎప్పుడైనా కంపెనీ మారితే పని పత్రం (మీ పనితీరు గురించి పాత కంపెనీ రాసిచ్చేది) అడిగి తీసుకోండి, అది మీ హక్కు. చదవడానికి అంతా పొగడ్తే ఉంటుంది, కానీ ఏ పొగడ్తకు ఎన్ని మార్కులో ఇక్కడివాళ్లకు తెలుసు. తెలిసిన జర్మన్‌కు చూపించాకే ఫైల్లో పెట్టుకోండి.

టోక్యో_తమ్ముడు
ఆలస్యంగా వచ్చాను. మీ జర్మన్లు "తప్పు" అని మొహం మీద చెబుతారని బాధపడుతున్నారు. నేను జపాన్‌లో ఉన్నాను. ఇక్కడ "కాస్త కష్టమే" అని నవ్వుతూ అన్నారంటే అది ఎప్పటికీ జరగదని అర్థం. అది తెలుసుకునే లోపు నేను ఒక ప్రతిపాదనను మూడుసార్లు మెరుగుపరచి పట్టుకెళ్లాను. ప్రతిసారీ ఇంకా బాగా నవ్వారు.

ఇంటికొచ్చినవాడు
మీరు గచ్చిబౌలిలో బాగా ఇమిడిపోతారు.

వేదిక_నిర్వాహకుడు
జపాన్ సంగతులకు వేరే చర్చ తెరవండి, ఇది ఇప్పటికే పొడవైంది. ఎలక్ట్రీషియన్ల గుర్తింపు విషయం కూడా ఇక్కడ కాకుండా "చేతివృత్తులు" విభాగంలో మొదలుపెడితే వెతికేవాళ్లకు దొరుకుతుంది. సిస్టర్ గారూ, మీ బావగారి కాగితాల వివరాలు, పేర్లు తీసేసి, వీలైతే అక్కడ పెట్టండి.

బాన్సువాడ_సిస్టర్
ఈ రాత్రి డ్యూటీ ఉంది. గురువారం పెడతాను. ఖచ్చితంగా గురువారమే, దాదాపు గురువారం కాదు.